తడిచేతి మీట

తడిసిన కొత్తిమీర వాసన తగిలితే ఇప్పటికీ నాకు కొంచెం సిగ్గేస్తుంది. ఈ ఉదయం మెట్టుగూడలో మా ఆఫీసు కింద కూరల బండి ఆగింది. ఆ వాసన మెట్లెక్కి పైదాకా వచ్చింది. వెంటనే యాదగిరి సార్ గుర్తొచ్చారు.

ఆయన ప్రొఫెసర్ కాదు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా రిటైరై, నేను పరిశోధన చేసిన యూనివర్సిటీలో వర్క్‌షాపు చూసుకునేవారు. తమ పరిశోధనతో కంపెనీ పెట్టాలనుకునే విద్యార్థులకు యూనివర్సిటీ ఒక గది, యంత్రాలు, సలహాదారులను ఇచ్చేది. ఎంపిక చేసేది కమిటీ. కానీ కమిటీ ముందుకు వెళ్లే ప్రతి నమూనాకూ వర్క్‌షాపు సంతకం కావాలి. ఆ ఫారం చివర సార్ స్వయంగా ఒక గడి గీసి, 'వాడినోళ్లు ఏమన్నరు?' అని రాసేవారు. అది నిండకపోతే సంతకం లేదు. మేమంతా ఆ గడిని చూసి నవ్వుకునేవాళ్లం.

నేను తయారుచేసింది ఆకుకూరలు సాయంత్రం దాకా వాడిపోకుండా ఉంచే చల్లని పెట్టె. మూడేళ్ల కష్టం. ఎంపికైతే కంపెనీ, లేకపోతే పెట్టెను అటకెక్కించి ఏదో ఒక ఉద్యోగంలో చేరతానని ఇంట్లో మాటిచ్చాను. కమిటీకి రెండు రోజులుందనగా ఆ గడిలో 'చాలా బాగుందన్నారు' అని నేనే రాసేసి పట్టుకెళ్లాను.

సార్ కాగితం చూసి, "ఎవలన్నరు?" అన్నారు. నేను కాగితం వెనక్కి తీసుకోబోయాను. సార్ ఇవ్వలేదు.

"నడువు, మోండా మార్కెట్‌కు పోదాం. ఒక్కటే షరతు. ఆడ నువ్వు నోరు తెరవొద్దు."

నోరు మూసుకోవడం నాకు రాని విద్య. అయినా పెట్టెను ఆటోలో ఎక్కించుకుని వెళ్లాం. ఆకుకూరలమ్మే నర్సమ్మ కట్టల మీద నీళ్లు చల్లుతోంది. అదే చేత్తో పెట్టె మీది టచ్ ప్యానెల్ నొక్కింది. పెట్టె ఉలకలేదు, పలకలేదు. మళ్లీ నొక్కింది. చేతులు తుడుచుకోమని చెప్పబోయాను. సార్ నా వైపు చూశారు.

"ఏందీ బిడ్డా, దీనికి తడి చెయ్యి పడదా?" అంది నర్సమ్మ. "నా చెయ్యి ఎండేది దుకాణం బంద్ చేసినంకనే."

దారంతా ఏడుపు ఆపుకుని, వర్క్‌షాపులో అడుగుపెట్టగానే సార్ మీద విరుచుకుపడ్డాను. "మీకు ముందే తెలుసు కదా సార్! ఎందుకు చెప్పలేదు?"

"నేను చెప్తే నాతోని కొట్లాడుతుంటివి. ఆమెతోని కొట్లాడలేవు గదా," అన్నారు తాపీగా. "పరేషాన్ గాకు, రెండు దినాలున్నయి."

మనుషులను ఇలా ఇరికించడం ఆయనకో సరదా అనుకున్నాను. ఆ రెండు రోజులూ ఆయన నాతోపాటే కూర్చున్నారు. ప్యానెల్ పీకేసి, నీళ్లు దూరని రబ్బరు తొడుగుతో లావుపాటి మీట బిగించారు. 'ఇంత మంచి పరిశోధనకు ఈ పాతకాలపు మీట ఏమిటి?' అని కమిటీలో ఒకరు అడిగారు. నేను గ్లాసులో వేళ్లు ముంచి, ఆ చేత్తోనే మీట నొక్కి చూపించాను. ఫారంలో ఈసారి నర్సమ్మ మాటలే ఉన్నాయి. నాకు గది దొరికింది.

సార్ ఇప్పుడు లేరు. ఆయన గీసిన గడితో సహా ఆ ఫారాన్ని మా కంపెనీలో అచ్చు వేయించాను. పోయిన వారం మా ఇంజనీరు షబానా పెట్టెకు కొత్త మూత తయారుచేసి తెచ్చింది. ఒక చేత్తో కట్టలు పట్టుకుంటే రెండో చేత్తో అది తెరుచుకోదని చూడగానే అర్థమైంది. నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగి, మోండాకు తీసుకెళ్లమన్నాను. ఈ మధ్యాహ్నం తిరిగొచ్చి, మూతను నా బల్ల మీద ఠపీమని పెట్టింది.

"మీకు ముందే ఎరుకే గదా మేడమ్?" అంది, కళ్లనిండా నీళ్లతో.

"ఎరుకే," అన్నాను. ఈ వారమంతా నాకు సరిగ్గా అన్నం సయించలేదని మాత్రం చెప్పలేదు. సార్ కూడా అప్పట్లో తన సంగతి నాకు చెప్పలేదు. ఫారం ఆమె ముందుకు జరిపి, ఖాళీ గడి మీద పెన్ను పెట్టాను.