సగం ఇంటి వెల

మా ఇల్లు ఫిల్మ్ నగర్‌లో, ఏటవాలు రోడ్డు పక్కన, లిఫ్ట్ లేని పాత అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. మా ఇల్లు అంటే నాదీ, నా స్నేహితురాలిదీ. ఇద్దరం డబ్బింగ్ చెప్పుకుని బతికేవాళ్ళం. నేను ఎర్రగడ్డలో పుట్టి పెరిగాను. తను గోదావరి వైపు నుంచి వచ్చింది. నాకంటే చాలా చిన్నది. తను నన్ను అక్కా అనేది, నేను చెల్లె అనేదాన్ని. కొత్తవాళ్ళు మమ్మల్ని సొంత అక్కాచెల్లెళ్ళే అనుకునేవారు. ఇద్దరి యాసా విన్నాక నవ్వేవారు.

అసలు ఆ ఇల్లు రోషంతో కొన్నాం. పెళ్ళి కాని ఆడవాళ్ళం, సినిమా పని, ఏ వేళకు ఇంటికొస్తామో మాకే తెలియదు. జూబ్లీ హిల్స్ చుట్టుపక్కల ఎవరూ మాకు ఇల్లు కిరాయికి ఇవ్వలేదు. ఒకాయనైతే అడ్వాన్స్ తీసుకుని, మర్నాడు పిలిచి తిరిగి చేతిలో పెట్టాడు. వాళ్ళావిడ ఒప్పుకోలేదట. ఆ రోజు బయటికొచ్చి రోడ్డు మీద నిలబడి, "ఇంకెవర్నీ అడగొద్దక్కా. మనమే కొనుక్కుందాం" అంది తను. నేను మా అమ్మ ఇచ్చిన బంగారం అమ్మాను. మిగతాది బ్యాంకు అప్పు. ఇద్దరం కలిసి తీర్చాం. కాగితాల్లో చెరి సగం అని రాయించుకున్నాం.

తర్వాతి ఏళ్ళన్నీ ఆ ఇంట్లోనే గడిచాయి. తల్లి పాత్రల ఏడుపులన్నీ నాకే వచ్చేవి. అలాంటి రోజు సాయంత్రానికి గొంతు పూర్తిగా పోయేది. తను మిరియాల చారు పెట్టి, గ్లాసు నా ముందుంచి, నన్ను ఒక్క మాటా అడక్కుండా పక్కన కూర్చునేది. నేను సర్వపిండి చేస్తే మాడిన అంచులన్నీ ఏరుకుని తినేది. ఇంతకంటే దగ్గరితనం నాకు ఇంకెవరితోనూ లేదు.

రెండేళ్ళ కిందట నా మోకాళ్ళు అరిగిపోయాయి. ఒక ఉదయం కూరగాయల సంచీతో రెండో అంతస్తు దగ్గరే కూలబడ్డాను. తను పైనుంచి దిగొచ్చి నా పక్కనే మెట్టు మీద కూర్చుంది.

"ఎన్నాళ్ళిలా ఎక్కుతావక్కా? వెంగళరావు నగర్‌లో మీ చెల్లెలింటి దగ్గర కింది పోర్షన్ ఏదైనా చూసుకో. నీ సగం నేను తీసేసుకుంటాను."

"గీడ నువ్వొక్కదానివే ఉంటవా?"

"ఉంటాలే. నీ అవస్థ చూడలేకపోతున్నాను."

"మరి ఎంతకు తీసుకుంటవ్?"

"గవర్నమెంట్ వాల్యూ ఎంతుందో కనుక్కున్నాను. అందులో నీ సగానికి ఇంకాస్త కలిపే ఇస్తాను. బయటివాళ్ళలాగా మనకి బేరాలెందుకు?"

సంచీ తనే పట్టుకుని, నా చెయ్యి తన భుజం మీద వేసుకుని పైకి తీసుకెళ్ళింది. నాకు కళ్ళు చెమర్చాయి.

కానీ మనసులో ఒక దిగులు పట్టుకుంది. నా మీద జాలికొద్దీ ఎక్కువ ఇస్తోందేమో, తర్వాత తను ఇబ్బంది పడుతుందేమో అని. నిజమైన ధర తెలుసుకుని, ఎక్కువైతే నేనే తగ్గించుకోవాలనుకున్నాను. తనకు చెబితే ఒప్పుకోదని చెప్పలేదు.

ముందు మా చెల్లెలింటికి వెళ్ళాను. దాని కూతురు కంప్యూటర్ ముందు కూర్చుని రిజిస్ట్రేషన్ వాళ్ళ రేటు తీసింది. అది వీధికో రేటు. స్టాంపు డ్యూటీ కట్టడానికి పనికొచ్చే లెక్క. ఆ రేటుకు మా ఇంట్లోకి వచ్చే గాలీ తెలియదు, వానాకాలం చెమ్మెక్కే బాత్రూం గోడా తెలియదు. నా స్నేహితురాలు చెప్పింది అక్షరాలా నిజం. తను ఇస్తానన్నది అంతకంటే ఎక్కువే. నాకు సంతోషమేసింది.

పిల్ల అంతటితో ఆగకుండా ఇళ్ళు అమ్మిపెట్టే వెబ్‌సైట్ ఒకటి తెరిచి మా అపార్ట్‌మెంట్ వివరాలు కొట్టింది.

"పెద్దమ్మా, గిది చూడు. వీళ్ళు మస్తు ఎక్కువ చెప్తున్నరు."

ఇంత నుంచి ఇంత దాకా పలకొచ్చని రెండు ధరలు చూపించింది. ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడాతో ఎర్రగడ్డలో ఇంకో ఇల్లు వచ్చేలా ఉంది.

"గీ రెండిట్ల ఏది నిజమే?"

"ఏమో. ఇవన్నీ అమ్మేటోళ్ళు అడిగే రేట్లు. ఎంతకు అమ్ముడుపోయినయో గీడ ఉండది."

అయోమయంగా ఇంటికొచ్చాను. మర్నాడు మా వీధి మలుపులో బోర్డు పెట్టుకున్న బ్రోకర్‌కు ఫోన్ చేశాను. గొంతు మార్చడం నా వృత్తి కాబట్టి కృష్ణా జిల్లా ఆవిడలాగా మాట్లాడాను. ఫలానా బిల్డింగ్‌లో మాకు ఫ్లాటుందండీ, అమ్మితే ఎంతొస్తుందండీ అని అడిగాను.

"గా బిల్డింగా మేడం? లిఫ్ట్ లేదు, పార్కింగ్ లేదు. కష్టం. మీరు జర తగ్గాలె" అంటూ ఒక ధర చెప్పాడు.

మధ్యాహ్నం అతనికే వేరే నంబర్ నుంచి, ఇంగ్లీషు కలిపి మాట్లాడే పడుచుపిల్ల గొంతుతో చేశాను. అదే బిల్డింగ్‌లో కొనాలనుందని చెప్పాను.

"మంచి బిల్డింగ్ మేడం. ఫిల్మ్ నగర్ల గిట్లాంటిది దొరకదు. రేపు వేరే పార్టీ చూస్తనికి వస్తున్నరు" అంటూ పొద్దున చెప్పినదానికి ఒకటిన్నర రెట్లు చెప్పాడు.

ఫోన్ పెట్టేసి చాలాసేపు నవ్వుకున్నాను. ఈ సంగతి తనకు చెబితే ఎంత నవ్వుతుందో అనుకున్నాను కూడా. అయితే ఒకటి మాత్రం గమనించాను. అతను అమ్మేవాళ్ళకు చెప్పిన తక్కువ ధర కూడా తను ఇస్తానన్నదానికంటే బాగా ఎక్కువ. తనకు ఈ వ్యవహారాలు తెలియవులే అని సర్దిచెప్పుకున్నాను.

చివరికి బ్యాంకులకు ఇళ్ళ విలువ కట్టే ఇంజనీరు ఒకాయనను పిలిపించాను. ఆ రోజు తను డబ్బింగ్‌కి వెళ్ళింది. పెద్దాయన, మెదక్ వైపు మనిషి. గదులు కొలిచాడు, గోడలు తట్టాడు, డాబా ఎక్కి చూసొచ్చాడు. నేనిచ్చిన చాయ్ తాగుతూ చెప్పాడు.

"అమ్మా, కట్టుబడి పాతదైంది. దానికి పెద్దగ ఏం రాదు. ఉన్న విలువంత కింద జాగది. గా జాగల మీ ఫ్లాటుకు వచ్చే వంతే మీ ఆస్తి." ఆ లెక్కన ఎంతవుతుందో చెప్పాడు. బ్రోకర్ పెద్ద ధరకు అటూ ఇటూగా ఉంది. కప్పు కింద పెట్టి మళ్ళీ అన్నాడు. "అయినా ఇప్పుడెందుకు అమ్ముతున్నరు? బిల్డర్‌తోని అగ్రిమెంట్ అయ్యేదాక ఆగున్రి."

"ఏ బిల్డరండీ?"

ఆయన నా ముఖంలోకి చూశాడు. "మీకు తెల్వదా? పోయిన నెల కింది ఫ్లాటు చూస్తనికి వచ్చిన. బిల్డింగ్ కూలగొట్టి కొత్తది కడుతున్నరని, అందరు ఒప్పుకున్నరని వాళ్ళే చెప్పిన్రు."

ఆయన వెళ్ళగానే మెల్లగా కిందికి దిగాను. అపార్ట్‌మెంట్ కమిటీ చూసే పెద్దమనిషి గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటారు. రిటైరైన ప్రొడక్షన్ మేనేజరు, విజయవాడ ఆయన. నన్ను చూసి కుర్చీ వేశారు.

"మీతో ఉండే చెల్లెలుగారు మీటింగ్‌కి వచ్చారు కదండీ. మీ ఇద్దరి తరఫునా సరేనన్నారు. మీకు ఒంట్లో బాగోలేదు, ఈ గొడవలేవీ మీదాకా తేవద్దని చెప్పారు. అందుకే మిమ్మల్ని కదపలేదు."

"కొత్త బిల్డింగ్‌ల మాకు ఏమొస్తదండీ?"

"ఇప్పుడున్నదానికంటే పెద్ద ఫ్లాటండీ. కట్టినన్నాళ్ళూ అద్దె వాళ్ళే ఇస్తారు. లిఫ్ట్‌లు, జనరేటరు, అన్నీ ఉంటాయి."

లిఫ్ట్ అన్న మాట దగ్గర నా చెవులు ఆగిపోయాయి. ఆయన ఇంకా ఏవేవో చెబుతున్నారు. మీటింగ్ ఎప్పుడైందని అడిగాను. తను మెట్టు మీద నా పక్కన కూర్చున్న ఉదయానికి ముందే అయింది.

అంటే మెట్లు పోయి లిఫ్ట్ వస్తుందని తెలిసే, మెట్లు ఎక్కలేవు వెళ్ళిపొమ్మంది. డబ్బు సంగతి నాకు తర్వాత గుర్తొచ్చింది. ముందు గుచ్చుకుంది ఇదే. నా నొప్పిని అడ్డం పెట్టుకుంది. నన్ను మోసుకుంటూ పైకి తీసుకెళ్ళిన ఆ భుజం మీద ఎంత బరువు వేశానో తలచుకుంటే సిగ్గేసింది.

సాయంత్రం తను వచ్చి చెప్పులు విప్పుతుండగానే అడిగాను.

"బిల్డర్ సంగతి నాకెందుకు చెప్పలే?"

తను చెప్పులు పక్కకు సర్దింది. లోపలికెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది.

"కట్టడానికి ఎన్నేళ్ళు పడుతుందో తెలీదక్కా. ఆ టెన్షన్ నీకెందుకని."

"గవర్నమెంట్ వాల్యూ అని చెప్పినప్పుడు గిది కూడ చెప్పాలె గద."

"నేను చెప్పింది అబద్ధమా? వెళ్ళి చూసుకో, అదే ఉంటుంది."

"అబద్ధమని నేనంటలేను."

తను కుర్చీలో కూర్చుంది. గొంతు మారింది. "నీకు చెల్లెలుంది, దాని పిల్లలున్నారు. ఎప్పుడు పోయినా ఒక ఇల్లుంది. నాకెవరున్నారు? ఈ ఇల్లొక్కటే. ముసలిదాన్నయ్యాక ఎవరి గుమ్మం తొక్కాలి?"

"నేను లేనా?"

అప్పుడైనా పొరపాటైందక్కా అంటే నేను కరిగిపోయేదాన్నే. నా స్వభావం నాకు తెలుసు. తను ఆ మాట అనలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది. ఇద్దరికీ వండింది. నేను తినలేదు.

నా సగం అమ్మనని మర్నాడే చెప్పేశాను. తను వాదించలేదు. ఇల్లు ఖాళీ చేసేదాకా ఒకే కప్పు కింద, ఎవరి పొయ్యి మీద వాళ్ళం వండుకున్నట్టే బతికాం. నేను పాలు తెస్తే తను గిన్నెలో పోసేది. కరెంటు పోతే తను కొవ్వొత్తి తెచ్చి నా గదిలోనూ పెట్టేది. మాటలు మాత్రం అవసరానికే.

బిల్డర్ ఆఫీసులో సంతకాలకు పిలిచినప్పుడు పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాం. అక్కడి మేనేజరు కుర్రవాడు, మర్యాదస్తుడు. పాత ఫ్లాటులో చెరి సగం ఉంది కాబట్టి ఒక పెద్ద ఫ్లాటు బదులు రెండు చిన్నవి తీసుకోవచ్చని చెప్పాడు.

"అక్కాచెల్లెళ్ళు కదా, పక్కపక్కనే ఇవ్వమంటారా అమ్మా?"

తను నా వైపు చూసింది. చాలా రోజుల తర్వాత నేరుగా నా కళ్ళలోకి చూసింది. నేను సరేనంటానని ఆశ పడిందని ఇప్పటికీ నా నమ్మకం.

"వద్దు బిడ్డా. వేరే వేరే అంతస్తులల్ల ఇయ్యి" అన్నాను.

అతను అలాగే రాసుకున్నాడు. తను ముందు సంతకం చేసి, పెన్ను నా వైపు జరిపి, వరండాలోకి వెళ్ళి నిలబడింది.