జెర్సీ అంచున పసుపు

ఆ రోజుల్లో నాకు ఫుట్‌బాల్ గురించి తెలిసిందల్లా ఒకే ఒక్క బంతి ఉంటుందనీ, దానికోసం అంతమంది పెద్దమనుషులు కొట్టుకుంటారనీ మాత్రమే. ఇప్పుడు నన్ను కదిలిస్తే చైనా రెండో డివిజన్ లీగ్‌లో ఏ జట్టు గోల్‌కీపర్ మోకాలు పట్టేసిందో, ఏ జట్టుకి కొత్త కోచ్ వచ్చాడో గుక్క తిప్పుకోకుండా చెబుతాను. (అందుకే మా ఆయన నన్ను కదిలించడు.) వచ్చే నెలలోనే కొత్త సీజన్ మొదలు. కాకినాడ పిల్లకి ఈ పిచ్చి ఎక్కడ పట్టిందయ్యా అంటే, సింగపూర్‌లో ఉద్యోగానికి కొత్తగా వచ్చి, బెడోక్‌లో ఒక చైనీస్ ఆవిడ ఫ్లాట్‌లో గది అద్దెకి తీసుకున్నప్పుడు పట్టింది. ఆవిడని బ్లాకు బ్లాకంతా ఆంటీ అనేవారు. నేనూ ఆంటీ అనే అన్నాను.

ఆంటీకి డెబ్బై దగ్గరపడ్డాయి. ఒంటరిగా ఉండేది. వంటింట్లో తెల్లటి టైల్స్ మన ముఖం చూసుకునేలా తుడిచిపెట్టేది. గది ఇచ్చిన రోజే వేలు చూపించి, "మ్యాగీ కెన్. కర్రీ కెనాట్" అని తీర్పు చెప్పేసింది. దాంతో మా అమ్మ సూట్‌కేసు అడుగున కుక్కిన పసుపు పొట్లం దొంగసరుకులా అక్కడే ఉండిపోయింది. నేను పాయా లేబర్‌లో ఆఫీసు పక్కన హాకర్ సెంటర్ తిండికొట్లలో అన్నం తిని, రాత్రికి మ్యాగీ తిని, ఆదివారం పప్పుచారుని తలుచుకుంటూ బతికాను. అయినా ఆ గది వదులుకోలేదు. అద్దె తక్కువ అని ఒక కారణం, ఆంటీ అంటే నాకు మెల్లగా ఇష్టం ఏర్పడటం రెండో కారణం.

ఆ బ్లాకులో మగాళ్ళందరూ ఇంగ్లండు జట్ల కోసం చొక్కాలు చించుకునేవారు. ఆంటీ ఒక్కతే చైనాలో వాళ్ళమ్మ పుట్టిన ఊరి జట్టుని పట్టుకుని ఉండేది. ఆ ఊరికి ఆవిడ ఒక్కసారైనా వెళ్ళలేదు. జట్టు ఏళ్ళ తరబడి మూడో డివిజన్‌లో ఈదులాడుతూ ఉండేది. కింద కాఫీ కొట్టు అంకుల్, "ఆంటీ, మీ టీమ్ ఇంకా బతికే ఉందా?" అని రోజూ ఆటపట్టించేవాడు. ఆవిడ కాఫీ తాగి, కప్పు పెట్టి, "బతికే ఉంది, నీకంటే గట్టిగా" అనేసి వచ్చేది. "ఓడిపోతూ ఉంటే విసుగు రాదా ఆంటీ?" అని నేనొకసారి అడిగాను. "అమ్మ ఊరు లాహ్! ఓడిపోతే ఊరు మార్చేస్తావా?" అంది. (లాహ్ అంటే అర్థమేమీ లేదు, సింగపూర్ మాటలకి ఉండే తోక.) మూడో వికెట్ పడగానే టీవీ కట్టేసే వంశం మాది. నాకు ఆవిడమీద గౌరవం ఆకాశానికి లేచింది.

ఆ ఏడాది వాళ్ళ జట్టు ఎట్టకేలకి రెండో డివిజన్‌కి ఎక్కింది. సీజన్ ఇంకో రెండు వారాల్లో మొదలవుతుందనగా, ఆ ఊళ్ళో ఉన్న దూరపు చుట్టం ఎవరో రెండు తెల్ల జెర్సీలు పంపించారు. ఆంటీ జన్మలో జెర్సీ తొడగలేదు. చిన్నపిల్లలా గుండెలకి అదుముకుంది. రెండోది నా చేతిలో పెట్టి, "ఇది నీది. ఫస్ట్ మ్యాచ్ ఇద్దరం వేసుకోవాలి. రెండూ నీట్‌గా ఇస్త్రీ చెయ్యి, మచ్చ పడకూడదు హా!" అంది.

సరిగ్గా ఇస్త్రీ పెట్టె వేడెక్కుతూ ఉండగా అమ్మ ఫోన్ చేసింది. కొత్తబట్ట అన్నానో లేదో, "పసుపు పెట్టావా?" అంది. ఫుట్‌బాల్ చొక్కాకి పసుపేమిటమ్మా అన్నాను. "ఏ చొక్కా అయితే ఏంటే? కొత్తబట్టకి పసుపు పెట్టకుండా తొడుక్కుంటారా ఎవరైనా? ఆ పెద్దావిడ దానికి కూడా పెట్టు. నీకు నీడ ఇచ్చిన మనిషి, ఆవిడకీ మంచి జరగాలి కదా" అంది. అమ్మ చెప్పాక ఇంకేముంది! తలుపు మూసి, సీసా మూతలో పసుపు తడిపి, రెండు జెర్సీల అంచునా కనిపించీ కనిపించనట్టు చెరో చుక్క పెట్టాను. చీర చెంగైతే మర్యాదగా చుక్కని చుక్కలాగే ఉంచేది. ఆ మాయదారి జెర్సీ గుడ్డ తడిని లాగేసుకుని రూపాయి బిళ్ళంత చేసి కూర్చుంది.

తలుపు తోసుకుని ఆంటీ వచ్చింది. ముందు ముక్కు ఎగబీల్చింది. తరవాత జెర్సీ చూసింది. "కర్రీ?" అంది. "కర్రీ కాదాంటీ, పసుపు..." అంటూ ఉండగానే రెండూ లాక్కుని బాత్‌రూమ్‌కి పరుగెత్తింది. బట్టల సబ్బు పెట్టి రుద్దగానే పసుపు కాస్తా ఎర్రగా మారింది. "ఐయో, బ్లడ్ ఆ?" అని కేకేసింది. నీళ్ళు పోస్తే మళ్ళీ పసుపు. సబ్బు పెడితే ఎరుపు, నీళ్ళు పోస్తే పసుపు. నేను గుమ్మంలో నిలబడి, ఆ గదిలో నా నూకలు చెల్లాయని మనసులోనే సూట్‌కేసు సర్దేసుకున్నాను. చివరికి ఆంటీ పీటమీద కూలబడి, సబ్బుబిళ్ళని మ్యాచ్‌లో ఫౌల్ కార్డులా ఎత్తి నా మొహానికి చూపించి, "ఫస్ట్ యెల్లో, తరవాత రెడ్! వా, నువ్వు ప్లేయర్ కాదు, రెఫరీ!" అని, నవ్వు ఆపుకోలేక పడీ పడీ నవ్వింది.

నవ్వు ఆగాక, ఎందుకు పెట్టావని అడిగింది. నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. తొడుక్కునేవాళ్ళకి మంచి జరగాలని పెడతామనీ, మీ దానికి కూడా పెట్టమని మా అమ్మే చెప్పిందనీ అన్నాను. "మీ అమ్మా? నాకోసమా?" అని చాలాసేపు ఆ మచ్చ వంక చూసింది. లేచి, వెదురు కర్రకి రెండు జెర్సీలూ గుచ్చి కిటికీ బయట ఆరేసింది. అది కోపమో కాదో తేలక, ఆ రెండు వారాలూ నేను ఆవిడ కంటపడకుండా పిల్లిలా తిరిగాను. జెర్సీలు మాత్రం పొద్దస్తమానం ఎండలో ఊగుతూ ఉండేవి.

మ్యాచ్ రోజు మధ్యాహ్నం పిలిచింది. చేతిలో జెర్సీ, మల్లెపువ్వులా తెల్లగా ఉంది. ఎండ పసుపునంతా తినేసింది. "పోయింది ఆంటీ! మొత్తం పోయింది!" అని గంతేశాను. ఆంటీ మొహం మాత్రం వాడిపోయింది. "పోయిందా? అదెలా? ఇవాళ ఫస్ట్ మ్యాచ్ కదా!" అని అంచు తిరగేసి మరగేసి వెతికింది. తరవాత నన్ను రెక్క పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళి, ఆ తెల్లటి గట్టుమీద తన టీ సాసర్ పెట్టి, "పౌడర్ తీసుకురా. మళ్ళీ పెట్టు. ఈసారి పెద్దది" అంది. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. పెద్దదే పెట్టాను.

మూడు సున్నాతో ఓడిపోయాం. పసుపు పరువు పోయిందని నేను సోఫాలో ముడుచుకుపోతే, ఆంటీ తన జెర్సీ అంచు తడుముకుంటూ, "ఇది లేకపోతే ఐదు సున్నా లాహ్" అంది. ఆ ఆదివారం నన్ను పప్పుచారు పెట్టనిచ్చింది. ఏడాది చివరికి జట్టు పడిపోకుండా రెండో డివిజన్‌లోనే నిలబడింది. (ఘనత ఎవరిదో మా అమ్మకి తెలుసు.)

ఇప్పుడు నేను పాసిర్ రిస్‌లో ఉంటున్నాను. నిన్న ఆంటీ ఫోన్ చేసింది. కొత్త జెర్సీలు వచ్చాయట, ఈసారి కుర్రాళ్ళు గట్టివాళ్ళట, మొదటి డివిజన్‌కి ఎక్కడం ఖాయమట. ఏటా అదే ఖాయం. "పౌడర్ మర్చిపోకు" అని ఫోన్ పెట్టేసింది. మా అమ్మాయి విని, "అమ్మా, సెకండ్ డివిజన్ ఓన్లీ లాహ్!" అంది. ఈ ఆదివారం ఆంటీ ఇంటికి దాన్నీ తీసుకెళతాను, దానికీ ఒక జెర్సీ వచ్చింది. మచ్చ పోయిందని గంతులేసిన ఆనాటి పిల్లని తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. ఇప్పుడు నా జెర్సీని ఉతికితే నీడలోనే ఆరేస్తాను.