మూడు కన్నాల పెట్టె

గుండ్రం, చదరం, ముక్కోణం నేర్పడం కూడా ఒక ఉద్యోగమేనా అని నవ్వేవాళ్ళను ఒక్క పూట మూడేళ్ళ పిల్లల గుంపు మధ్య కూర్చోబెట్టాలి. మధ్యాహ్నానికల్లా నవ్వు సంగతి దేవుడెరుగు, సొంత పేరు కూడా మర్చిపోతారు. మన టీచరమ్మ జుట్టంతా ఆ గుంపు మధ్యే నెరిసింది.

ఆమె దగ్గర ఒక చెక్కపెట్టె ఉంది. మూతకు మూడు కన్నాలు, ఒక్కో కన్నంలో సరిగ్గా పట్టే చెక్కముక్కలు. చేసిపెట్టింది ఆమె భర్తే. ఆయన వడ్రంగి. తలుపులు చేయగా మిగిలిన చెక్కతో చేసి, పసిచేతులకు పేడు గుచ్చుకోకుండా ప్రతి అంచునూ గరుకు కాగితంతో రుద్ది, "ఇంత నున్నగా మంత్రిగారింటి తలుపు కూడా చెయ్యలేదు" అని గొప్పలు పోయాడు.

టీచరమ్మ పిల్లల చేతికి ఒక ముక్క ఇచ్చి "దీనిల్లు ఏది?" అంటుంది. వేరే కన్నంలో కుక్కబోతే, "అయ్యో, పక్కింటికెళ్ళావు! తొందరేం లేదులే, మనిల్లు వెతుక్కో" అంటుంది. చెయ్యి పట్టుకుని మాత్రం పెట్టించదు. కొత్తగా చేరిన ఆయా జాలిపడి ఒకసారి అలా పెట్టించబోతే ఇంతెత్తున లేచింది. "నువ్వే పెట్టేస్తే వాడికేం వచ్చినట్టు?"

ఆ వడ్రంగికి పక్షవాతం వచ్చింది. చెయ్యి కొంచెం కొంచెంగా స్వాధీనంలోకి వచ్చింది, మాటా వచ్చింది. కానీ గ్లాసు చూపిస్తే గ్లాసనడు. తలుపునూ కిటికీనీ ఒకేలా చూస్తాడు.

"కళ్ళు బాగానే ఉన్నాయమ్మా. చూసినదాన్ని మెదడు పోల్చుకోవడం లేదు" అన్నాడు డాక్టరు. "వచ్చేదేదో ఈ కొద్ది నెలల్లోనే రావాలి. ఆలస్యమైతే కష్టం. రోజూ ఏదో ఒకటి చేయిస్తుండండి."

ఏదో ఒకటంటే ఆమెకు తెలిసిన విద్య ఒక్కటే. రోజూ సాయంత్రం పెట్టెను సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేది. మొదట్లో ఆయన ముక్కోణాన్ని గుండ్రంలో కుక్కుతుంటే, పిల్లలతో అన్నట్టే "పక్కింటికెళ్ళావు!" అనేది. ఏనాడూ మొగుణ్ణి నువ్వనని మనిషి అలా అనేసరికి ఆయన పడీపడీ నవ్వేవాడు. వారాలు గడిచాయి. నవ్వు ఆగిపోయింది కానీ కుక్కడం ఆగలేదు. ఆమె క్యాలెండరు వైపు చూడడమే మానేసింది. తన చేత్తో కోసిన ముక్కను ఆయన పోల్చుకోలేకపోవడమేమిటని డాక్టరు మీదా, దేవుడి మీదా, చివరికి ఆ పాపం తెలియని చెక్క మీదా కోపం వచ్చేది.

ఒక సాయంత్రం ఇక తట్టుకోలేక ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని, ముక్కను తిప్పి, దాని కన్నంలోకి తోసేసింది. టక్కున పడింది.

"చూశారా! వచ్చేసింది!"

ఆయన ఆమె వేళ్ళ వైపు చూశాడు. "నేను కాదు. నువ్వు" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు బడిలో, అందరికన్నా చిన్నదీ, అందరూ చిట్టెలుక అని పిలిచేదీ అయిన ఒక పిల్ల ముక్కోణాన్ని గుండ్రపు కన్నంలో పెట్టింది. పట్టలేదు. మళ్ళీ అక్కడే పెట్టింది. టీచరమ్మ ఆ ముక్క లాక్కుని, "కళ్ళు కనపడట్లేదా? ఎన్నిసార్లు చెప్పాలి నీకు!" అని అరిచింది. పిల్లలంతా బిక్కచచ్చిపోయారు. ఇన్నేళ్ళలో ఆ గదిలో ఆ గొంతు ఎవరూ వినలేదు. ఆయా చీపురు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

చిట్టెలుక కింది పెదవి వణికింది. కాసేపటికి టీచరమ్మ ఒళ్ళో పడి ఉన్న ముక్కను తీసుకుని, ఆమె మోకాలి మీద చిన్నగా తట్టింది.

"తొందరేం లేదులే టీచర్."

అని, ఈసారి దాన్ని చదరపు కన్నంలో కుక్కసాగింది. టీచరమ్మ చేతుల్లో మొహం దాచుకుని పిల్లల ముందే ఏడ్చేసింది.

ఆ సాయంత్రం పెట్టె తియ్యడానికే ఆమెకు భయమేసింది. ఆయనే సంచి వైపు చెయ్యి చాపాడు. ముక్కోణం తీసుకుని బొటనవేలితో అంచు నిమిరాడు. ఆయన దాన్ని తీసుకెళ్ళి గుండ్రపు కన్నం మీద పెట్టి నొక్కాడు.

దానిల్లు పక్కనే బెత్తెడు దూరంలో ఉంది. ఆమె చేతులు వాటంతటవే లేచాయి. వాటిని తొడల కింద పెట్టుకుని, వాటి మీదే కూర్చుంది. పిల్లలతో తొందరేం లేదులే అన్నప్పుడల్లా ఆ మాట నిజమే, వాళ్ళకు నిజంగానే తొందర లేదు. ఈయనకుంది.

"పక్కింటికెళ్ళారండీ" అంది. "తొందరేం లేదు. మీరే వెతుక్కోండి."

ఆయన ఆ మాట నమ్మాడు. ముక్కను పైకి తీసి, మళ్ళీ మొదటినుంచీ నింపాదిగా వెతకడం మొదలుపెట్టాడు.