గడప గడపకూ ఆగిన గుర్రం

నాకు నోరెక్కువ. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం రూటులో బస్సు కండక్టరుగా ఉద్యోగమంతా "లోపలికి జరగండప్పా, లోపలేమన్నా దయ్యముండాదా?" అని అరిచినదాన్ని. రిటైరయ్యాక ఆ అరుపులన్నీ మా ఆయన మీదే పడేవి. పాపం, ఆ మనిషే ఎక్కడో విని వచ్చి, "పెనుకొండలో గుర్రాల దగ్గర సాయానికి మనుషులు కావాలంట. పోయి ఆటిమీద అరుచుకో పో" అన్నాడు. పోయాను.

కొండ కింద ఒక రేకుల షెడ్డు, ముందర మైదానం, రెండు పొట్టి గుర్రాలు. వాటి వీపు నా నడుం దాటదు. పిల్లలకు వ్యాయామాలు చేయించే డాక్టరమ్మ ఒకామె ఇదంతా నడుపుతోంది. కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేని పిల్లలు, మాటలు రాని పిల్లలు ఆదివారాలు వస్తారు. గుర్రం మీద ఊగుతూ పోతే పిల్లల నడుం, మెడ నిలబడతాయంటుంది ఆమె. ఏ పిల్లకు ఏ గుర్రం సరిపడుతుందో చూసి జత కలపడం మా పని. మొదటి రోజే ఎక్కించేది లేదు. ముందు ఒకరినొకరు వాసన చూసుకోవాలి, గడ్డి తినిపించాలి, మెడ నిమరాలి. పెళ్లిచూపులకన్నా పెద్ద తతంగం.

గుర్రాలు హిందూపురం సాయిబువి. పెళ్లి మెరవణుల్లో తోడుపెళ్లికొడుకులను ఎక్కించుకుని ఊరేగడం వాటి పాత ఉద్యోగం. పూలు కట్టిన కార్లు వచ్చాక వాటిని పిలిచేవాళ్లు లేరు. ఖాళీగా కట్టేసి ఉంచలేక సాయిబు ఇక్కడికి తోలుకొచ్చాడు. వాటిలో బూడిదరంగు ఆడగుర్రాన్ని మేం పొట్టిది అనేవాళ్లం. దానికి జత ఎవరా అని ఆలోచిస్తుంటే నాకు ధర్మవరం పిల్ల గుర్తొచ్చింది.

ఆ పిల్లా, వాళ్లమ్మా నా బస్సులో హిందూపురం ఆసుపత్రికి వచ్చేవాళ్లు. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా ఆ తల్లి బిడ్డ మొహం మీద పైట కప్పేది. "ఊపిరాడక సస్తాది బిడ్డ, తియ్యమ్మా" అని తిట్టేదాన్ని. తీసేది కాదు. ఇప్పుడు వెతుక్కుంటూ వాళ్లింటికి పోతే, ఆసుపత్రి కూడా మానేశారు. తండ్రి మగ్గం మీద పట్టుచీర నేస్తున్నాడు. పక్కనే బొంత మీద ఎనిమిదేళ్ల పిల్ల పడుకుని, దారం లాక్కుంటూ అటూ ఇటూ పోయే నాడెను చూస్తోంది. కాళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. కూర్చోబెడితే తల వాలిపోతోంది.

"ఇట్లే పడుకోనుంటే నడుం కూడా బిగుసుకుపోతాదంట. డాక్టరమ్మ చెప్పింది. పెనుకొండకు తీస్కరా" అన్నాను.

"రానక్కా" అంది తల్లి. "వీధిలో అడుగుపెడితే చాలు, అందరూ అట్లే చూస్తాండారు. ఎదురింటామె చీరలమ్ముతాది. పొద్దున్నే దీని మొగం చూస్తే ఆ దినం బేరం కాదంటాది, దీని ముందరే. నా బిడ్డకు అన్నీ అర్థమైతాయక్కా. మాట రాకపోతే ఏమి, చెవుల్లేవా?"

ఆ పిల్ల ఆ గడప దాటేదెట్లా అని నాకు అదే బెంగ పట్టుకుంది. పిల్ల గుర్రం దగ్గరికి రాకపోతే గుర్రమే పోవాలి కదా! సాయిబును సతాయించి, పొట్టిదాన్ని లగేజీ ఆటోలో ఎక్కించి ధర్మవరం తీసుకుపోయాం. వాళ్ల పెరట్లో అది వంగి పిల్ల పొట్ట మీద మూతి ఆనించింది. పిల్ల కిలకిలమని నవ్వింది. తండ్రి మగ్గం గుంటలోంచి లేచి వచ్చి మరీ చూశాడు.

అట్లా కొన్ని వారాలు పెరట్లోనే గడిచాక, ఎక్కించే రోజు వచ్చింది. పెరడు చాలదు, వీధిలోకి రావాల్సిందే. తల్లి ఒకటే షరతు పెట్టింది. "తెల్లారేతలికి, ఎవురూ తలుపులు తీయకముందే ముగిచ్చాల."

మసక వెలుతురులో పెరటి దోవన వీధిలోకి బయల్దేరాం. సాయిబు కళ్లెం పట్టుకున్నాడు. చెరో పక్కన నేనూ తల్లీ పిల్ల నడుం పట్టుకున్నాం. పక్కిల్లు రాగానే పొట్టిది ఆగిపోయింది. సాయిబు నాలుకతో టక్కుటక్కుమనిపించాడు. కదల్లేదు. బెల్లం ముక్క పెట్టాడు. సుబ్బరంగా తిని, మళ్లీ అట్లే నిలబడింది. నేనొక కేక వేశాను. వీధి కుక్కలు లేచాయి గాని గుర్రం చెవి కూడా ఆడించలేదు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేదిది!

సాయిబు నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో నా తల్లీ! మెరవణి అనుకుంటాండాదమ్మా. ఇంటింటికీ హారతి పట్టేది అలవాటు కదా. పట్టేదాంక గడప ముందర్నుంచి కదల్దు."

"ముందే చెప్పేదానికేమప్పా రోగం?"

"మైదానంలో, పెరట్లో గడపలు యాడుండాయి కండక్టరమ్మా? గుర్తుకే రాల్యా."

ఇంతలో తలుపు తీసుకుని, వాకిట్లో నీళ్లు చల్లడానికి ఒక అవ్వ బయటికి వచ్చింది. తల్లి బిడ్డ మొహం మీద పైట కప్పబోయింది. సాయిబు సంగతి చెప్పాడు. అవ్వ పిల్లను ఎగాదిగా చూసింది. "నీ బిడ్డామ్మా? ఇంత పెద్దదయిందా! పక్కింట్లో ఉండి ఒక దినమన్నా చూపిచ్చల్యా నాకు" అని కోప్పడి లోపలికి పోయి, పళ్లెంలో కర్పూరం వెలిగించుకుని వచ్చింది. హారతి తిప్పి, పిల్ల నుదుట కుంకుమ పెట్టింది. పొట్టిది ముందుకు నడిచింది. మరో ఇంటి ముందు మళ్లీ ఆగింది.

"వెనక్కి తిప్పన్నా, నీకు దండం పెడతా" అంది తల్లి. తిప్పబోయినా అది తిరిగితే కదా! మగ్గాల చప్పుడు ఒక్కో ఇంట్లో ఆగింది, తలుపులు తెరుచుకున్నాయి. అవ్వ పళ్లెం పట్టుకుని మా వెంటే నడుస్తూ, "రండే, బిడ్డకు హారతి పట్టండి" అని అందరినీ కేకేసింది. మంట దగ్గరికి వచ్చినప్పుడల్లా పిల్ల తల ఎత్తి చూస్తోంది. కాసేపటికి వాలిపోతోంది, మళ్లీ ఎత్తుతోంది. నాకు పట్టరాని సంతోషం వేసింది.

వీధి చివర మళ్లి రెండో వరస ఇళ్ల వెంట వెనక్కి వచ్చాం. ఎదురింటామె వాకిట్లోనే నిలబడి ఉంది. మమ్మల్ని చూసింది, లోపలికి పోయి తలుపేసుకుంది. గడియ పెట్టిన చప్పుడు వీధంతా వినపడింది. పొట్టిది సరిగ్గా ఆ గడప ముందు నిలబడింది.

నాకు ఒళ్లు మండింది. ఉద్యోగంలో నేర్చిన తిట్లన్నీ నాలుక చివరికి వచ్చేశాయి.

"నువ్వుండక్కా" అంది తల్లి.

పిల్లను పట్టుకోమని, తమ వాకిట్లో నిలబడి చూస్తున్న భర్తను పిలిచింది. అవ్వ చేతిలోంచి పళ్లెం తీసుకుంది. కర్పూరం వెలిగించి, వీధి వీధంతా చూస్తుండగా, మూసిన తలుపు ముందు నిలబడి తన బిడ్డకు తనే హారతి పట్టింది.

"ఇది నా కూతురు" అంది, తలుపు అవతలికి వినపడేటట్టు. "రేపట్నుంచి దినామూ ఈ వీధిలోనే తిరుగుతాది."

పిల్ల తలెత్తి వాళ్లమ్మనే చూసింది. పొట్టిది కదిలింది.