బామ్మర్ది పెట్టిన సొట్ట

నా కారుకు దెబ్బ తగిలిన రోజు నకిరేకల్‌లో భూమి కంపించిందని నేను ఇప్పటికీ అందరికీ చెబుతుంటాను. మా ఆవిడ ఒప్పుకోదు. ఆ సమయానికి ఆమె ఇంట్లో పప్పుకు తాలింపు పెడుతోందట, చేతిలో గంటె కూడా కదల్లేదట. నా మాటల్లో సగం తీసేసి, మిగిలిన సగంలో మళ్లీ సగం తీసేసి వినడం ఆమెకు పెళ్లయిననాటి నుంచీ అలవాటు. ఈ ఒక్క కథలో మాత్రం ఆమె మరేమీ తీసెయ్యదు. చివరికి వచ్చేసరికి లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

నిమ్మకాయల మార్కెట్ దగ్గర చాయ్ హోటల్ ముందు, రోడ్డు దిగి, ఎవరికీ అడ్డం లేకుండా కారు ఆపి లోపలికి వెళ్లాను. అది ఇంకొకరు వాడి వాడి అమ్మిన కారు. అయినా దాన్ని నేను రాజుగారి ఏనుగులా చూసుకునేవాణ్ని. కొన్న మర్నాడే యాదగిరిగుట్టకు తీసుకుపోయి పూజ చేయించాను, బానెట్ మీద అంత పసుపూ కుంకుమా మా పెళ్లిలో కూడా వాడలేదు. అంతటి కారు బయట ఉండగా, నేను చాయ్ రెండో గుక్కలో ఉండగా, దడేలుమని చప్పుడైంది. ఆ మోతకు గుట్ట మీద స్వామి కూడా ఒక్కసారి ఉలిక్కిపడే ఉంటాడు.

బయటికి ఉరికాను. గొర్రెలతో నిండిన ఒక ట్రాలీ ఆటో వెనక్కి వచ్చి నా కారు తలుపులో కూర్చుంది. తలుపు మీద పడిన సొట్టలో ఇద్దరు మనుషులు పడుకోవచ్చు. సరే, ఒక పిల్లవాడు కూర్చోవచ్చు. గొర్రెలన్నీ తలలు బయటపెట్టి, తప్పంతా నాదే అన్నట్టు నన్ను చూస్తున్నాయి.

ఆటో నడిపేవాడు దిగాడు. ముప్పై దాటిన మనిషి, మెడలో తువ్వాల. చేతులు జోడించాడు.

"తప్పయింది సార్. ఒక గొర్రె కట్టు తెంపుకొని ఎగిరింది. దాన్ని చూసుకుంట ఎన్కకు తీసిన."

"గొర్రె ఎగిరితే ఎగిరిందయ్యా, మధ్యల నా కారేం చేసింది? అది గూడ ఎగిరిందా?"

జనం పోగయ్యారు. మా దగ్గర ఇలాంటివి పోలీసు స్టేషన్ దాకా పోవు, హోటల్ దగ్గరే తెగుతాయి. హోటల్ యజమాని వచ్చి, ట్రాలీ తాళంచెవి తీసి, తన అద్దాల అలమారలో బన్నుల పక్కన పెట్టాడు. లెక్క తేలేదాకా అది అక్కడే ఉంటుంది. ఆ అలమారలో ఎన్ని బండ్ల తాళాలు బన్నుల వాసన పీల్చాయో!

"అన్నా, నీ కారుకు ఇన్సూరెన్స్ ఉన్నదా?" అని నన్నడిగాడు.

ఉంది. కానీ నా కారు ఎవరినైనా గుద్దితే వాళ్లకు ఇచ్చే రకం అది. నా కారును ఎవరైనా గుద్దితే నా మీద జాలి కూడా చూపించదు. చవగ్గా వస్తుందని కట్టింది నేనే. ఎదుటివాడి ఇన్సూరెన్స్ నుంచి రాబట్టాలంటే కేసు పెట్టాలి. "కేసు తెగే వరకు తలుపు తుప్పు పట్టి రాలిపోతది," అన్నాడు హోటలాయన. నల్లగొండలో డెంటింగ్, పెయింటింగ్ చేసేవాడికి ఫోటో పంపితే, అతను ఫోన్‌లోనే ఒక అంకె చెప్పాడు. ఆ అంకె విని చుట్టూ ఉన్నవాళ్లు ఓ అడుగు వెనక్కి వేశారు.

ట్రాలీ అతను మాత్రం వెనక్కి వెయ్యలేదు. "ఇస్త సార్. గీ గొర్లను అంగడిల అమ్మి పొద్దుమూకే వరకు తెచ్చిస్త. జర తాళం ఇయ్యమనున్రి."

అంతటితో ముగిసిపోవలసింది. కానీ పంచాయితీ అన్నాక ఊరు అడగకుండా ఎవరూ ఊరుకోరు. "ఏ ఊరు నీది?" అన్నాడు హోటలాయన. మర్రిగూడ అవతల ఒక చిన్న ఊరు పేరు చెప్పాడు. అది మా ఆవిడ పుట్టిన ఊరు.

నేను ఆమెకు ఫోన్ చేసి, ఫోన్ అతని చేతికిచ్చాను. ఇద్దరూ తాతల దగ్గర మొదలుపెట్టి నిమిషంలో తండ్రుల దాకా వచ్చేశారు. ఎండాకాలంలో మేత వెతుక్కుంటూ కృష్ణానది దిక్కు పోయేటప్పుడు ఆ తండ్రులిద్దరూ మందలు కలిపి మేపేవారట. మా ఆవిడ వంట అలాగే వదిలేసి, తడి చేతులతో ఆటో ఎక్కి హోటల్ దగ్గరికి వచ్చేసింది.

"అక్కా, నన్ను గుర్తు వట్టినవా? మీ బాపు నన్ను భుజమ్మీద కూసోపెట్టుకొని తిప్పేటోడు," అన్నాడతను.

ఆమె అతని ముఖం అటూ ఇటూ తిప్పి చూసింది. "గదే ముక్కు," అంది.

కాసేపయ్యాక అతను గొంతు తగ్గించి, "ఒడిబియ్యం ఎవలు పోస్తున్నరక్కా?" అని అడిగాడు.

పెళ్లయిన ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు కొన్నేళ్లకోసారి, పెళ్లి నుంచి లెక్కపెట్టి బేసి ఏడు చూసుకుని, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, కొత్త చీర తెచ్చి ఒడి నింపుతారు. ఆ బియ్యం వండి వాడకట్టును పిలిచి పెడితే, ఆమెకు వెనక మనుషులున్నారని అందరికీ తెలుస్తుంది. మా ఆవిడకు తోబుట్టువులు లేరు. తల్లీ తండ్రీ పోయాక ఆమె ఒడిలో పిడికెడు బియ్యం పోసినవాళ్లు లేరు. పక్కింటివాళ్ల ఒడిబియ్యం భోజనాలకు వెళ్లి, తిని, వాళ్ల చీర బాగుందని చెప్పి వచ్చేది.

"ఎవలున్నరు తమ్మీ?" అంది.

"నేను లేనా? మా ఇంటామెను తోలుకొని వస్త. మేం పోస్తం."

ఆ మాటతో నా ఛాతీ ఎంత పొంగిందంటే, చొక్కా గుండీ తెగి పక్క దుకాణంలో పడింది. అలమార తెరిచి, తాళంచెవి తీసి, నలుగురికీ కనబడేలా పైకెత్తి అతని చేతిలో పెట్టాను.

"బామ్మర్ది దగ్గర పైసలు తీసుకునేంత లేనోణ్నా నేను? పో. మాఫ్!"

"గట్లొద్దు బావా. సొట్ట పెట్టింది నేను. పైసలు తీస్కో."

"మాఫ్ అంటిగద!"

అతను మళ్లీ అడిగాడు. మా ఆవిడ నా చొక్కా చెయ్యి గుంజి, నాకొక్కడికే వినబడేలా, "ఇస్తనంటుండు గద, తీస్కోరాదు," అంది. జనం చప్పట్లు కొడుతున్నారు. అంత చప్పుడులో మెల్లగా అన్న మాట ఎక్కడ వినబడుతుంది? అందరికీ నా లెక్కలో చాయ్ చెప్పాను.

ఆ నెలంతా మా ఆవిడ ఇల్లు కడిగింది. వాడకట్టులో ప్రతి గడపకూ "మా తమ్ముడొస్తుండు," అని చెప్పివచ్చింది. అతను రాలేదు. గొర్రెలకు రోగం వచ్చిందని ఓసారి, పత్తి ఏరుతున్నామని ఓసారి ఫోన్ చేశాడు. తర్వాత ఆమె చేస్తేనే మాట్లాడేవాడు. ఆ తర్వాత ఆమే చెయ్యడం మానేసింది.

నేను మాత్రం సొట్ట బాగుచేయించకుండా అలాగే తిప్పుతున్నాను. ఎవరడిగినా, "మా బామ్మర్ది పెట్టిన సారె," అని చెప్పేవాణ్ని. చెప్పినప్పుడల్లా ట్రాలీ పెద్దదయ్యేది. కొన్నాళ్లకు అది లారీ అయింది, గొర్రెలు మూడు వందలయ్యాయి, నేను వదులుకున్న పైసలతో ఒక కొత్త కారే వచ్చేది. మర్రిగూడలో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు షామియానా కింద ఈ కథ చెబితే, నవ్వలేక జనం కుర్చీలు పట్టుకున్నారు. వెనక వరుసలో అతనున్నాడు. అందరితో పాటు నవ్వాడు. మేం కూర్చున్న బంతిలో కూర్చోకుండా, తర్వాతి బంతిలో తిని, చెప్పకుండా వెళ్లిపోయాడు.

తిరిగి వస్తుంటే కారులో, నకిరేకల్ దగ్గరపడుతుండగా మా ఆవిడ అంది:

"నువ్వు మాఫ్ చెయ్యలే. ఆయన నెత్తిమీద పెట్టినవ్. బాకీ ఉన్న ఇంటికి బియ్యం ఎట్ల తెస్తడు? తెస్తే, పైసలకు బదులు రెండు సోలల బియ్యం పోసిండనరా? గందుకే తీస్కొమ్మన్న."

నేను పెంచి చెప్పడానికి అందులో ఏమీ మిగల్లేదు.

మర్నాడే నల్లగొండ వెళ్లి తలుపు బాగుచేయించాను. బిల్లులో అంకె కొంచెం తగ్గించి రాయమని షాపువాణ్ని బతిమాలాను. అతను నన్నదోలా చూశాడు. తగ్గించి రాయమన్న గిరాకీ అతనికి నేనే మొదటివాణ్నట. బిల్లు తీసుకుని ఆ ఊరికి వెళ్లాను.

అతను ట్రాలీలోంచి నీళ్ల క్యాన్లు దించుతున్నాడు. గొర్రెలు తగ్గిపోయి, ఇప్పుడు ఊళ్లకు మంచినీళ్లు వేస్తున్నాడు. మొదట తలుపు చూశాడు, నునుపుగా ఉందా అని అరచేత్తో తడిమాడు. తర్వాత బిల్లు చూశాడు.

"నాడు ఫోన్ల చెప్పినదాని కన్న తక్కువున్నదేంది బావా?"

"తలుపు సన్నబడ్డది బామ్మర్ది," అన్నాను.

నవ్వలేదు. లోపలికి వెళ్లి ఆనాడు చెప్పిన అంకె ఎంతో అంతా తెచ్చి నా చేతిలో పెట్టాడు. మిగిలింది తిరిగి ఇవ్వబోతే చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. ఆ పైసలు జేబులో పెట్టుకుంటుంటే, ఎదురుగా ఉన్న ఆ మనిషి భుజాలు కొంచెం కిందికి దిగడం చూశాను. అది నేను పెంచి చెబుతున్నది కాదు.

అతని భార్య చాయ్ తెచ్చింది. అక్క మంచిగున్నదా అని అడిగింది. "గా యాడాది అక్కకని చీర గూడ తెచ్చినం, అన్నా. ఆకుపచ్చ మీద ఎర్ర అంచు. పెట్టెల మడతల కాడ చిరుగుతదని మొన్న మా ఆడబిడ్డకు పెట్టినం."

చాయ్ వేడిగానే ఉంది. ఊదుకోకుండానే తాగేసి లేచాను.

"మరి ఎప్పుడొస్తరు?" అని అడిగాను, బయల్దేరేముందు.

"ఇది మీకు సరి యాడాది గద బావా. సరి యాడాదిల ఒడిబియ్యం పొయ్యొద్దు. చూద్దాం," అన్నాడతను, క్యాన్ భుజానికెత్తుకుంటూ.

ఇంటికొచ్చాను. మా ఆవిడ గుమ్మంలోనే ఉంది.

"తీస్కున్నడా బిల్లు?"

"తీస్కుండు. అంత ఇచ్చిండు."

"మంచిగైంది," అంది. "ఎప్పుడొస్తరంట?"

అతనన్నది చెప్పాను. చీర సంగతి చెప్పలేదు. ఆమె వేళ్ల కణుపుల మీద మా పెళ్లి నుంచి ఏళ్లు లెక్కపెట్టుకుంది, ఎక్కడో తప్పి మళ్లీ మొదలుపెట్టింది.

"వచ్చేది బేసి యాడాదే," అంది, వంటింట్లోకి పోతూ.

ఆ బేసి ఏడు వచ్చి వెళ్లిపోయింది. ఇంకొకటి రాబోతోంది. కారు తలుపు అద్దంలా ఉంది, ఎక్కడ దెబ్బ తగిలిందో నేనే వెతుక్కోవాలి.