తీగ మీద తడి యూనిఫాం

ఇవాళ పొద్దున్న మా కుటుంబం గ్రూపులో మా చిన్నాడపడుచు ఒక వీడియో పెట్టింది. ఎక్కడో ఏదో ఊళ్ళో హత్య జరిగిందట, అనుమానం ఒక పోలీసాయన మీదట. నేను కాఫీ కలుపుకొని వచ్చేసరికి మావాళ్ళంతా తీర్పు చెప్పేశారు. "ముఖం చూస్తేనే తెలుస్తోంది" అని ఒకరు, "డ్రెస్సేసుకుంటే ఏదైనా చెల్లుతుంది వాళ్ళకి" అని ఇంకొకరు. మా మరిదైతే శిక్ష కూడా ఖాయం చేసి, దండం పెట్టే బొమ్మ ఒకటి తగిలించాడు. చివర్లో మా ఆడపడుచు, "వదినా, నువ్వేమంటావు? మీ ఇంట్లో ఓ ఎస్సై ఉండేవాడు కదా, నీకు తెలుస్తుంది" అని నన్ను లాగింది. నాకేం తెలుస్తుంది, నా మొహం! ఫోను బోర్లా పెట్టేశాను. ఇన్నాళ్ళయినా ఇంతే, ఎక్కడ ఇలాంటి వార్త వచ్చినా చివరిదాకా చూడలేను.

ఆమదాలవలసలో రైల్వే స్టేషనుకి నడిచి వెళ్ళేంత దూరంలో మా ఇల్లు. మావారు రైల్వేలో చేసి రిటైరయ్యారు, నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. మేడ మీది వాటా ఖాళీగా ఉంటే ఓ కుర్ర ఎస్సై అడగడానికొచ్చాడు. పక్క మండలం స్టేషన్లో ఉద్యోగం, బొబ్బిలి పిల్లని చేసుకున్నాడు, పెళ్ళయి ఏడాది. మావారు "పోలీసులొద్దే, తలనొప్పి" అన్నారు. నేను వినలేదు, నేనెప్పుడు విన్నాను గనక! అయితే ఒక షరతు పెట్టాను. మా వైపు చావింటికి వెళ్ళొస్తే పెరట్లో కట్టుబట్టలతో స్నానం చేసి గాని గడప తొక్కరు. పోలీసాయనకి శవాలు రోజువారీ పని. ఉరేసుకున్నవాళ్ళు, కాలవలో కొట్టుకొచ్చినవాళ్ళు, లారీ కింద పడ్డవాళ్ళు. అందుకని, శవాన్ని చూసొచ్చిన రోజున వెనక కుళాయి దగ్గర యూనిఫాంతో సహా తల మీంచి నీళ్ళు పోసుకోవాలి, బట్టలు పసుపునీళ్ళలో జాడించి పెరట్లో తీగ మీద ఆరేయాలి, ఆ తరవాతే బయటి మెట్ల మీంచి పైకి వెళ్ళాలి అన్నాను. గ్రహణం నాడు పట్టుబట్టి క్లాసు పిల్లలందరికీ ఉప్మా తినిపించిన సైన్సు టీచర్ని నేను! ఆ మనిషే ఈ షరతూ పెట్టింది. అతను నవ్వేసి, "మా సీఐ గారి కన్నా మీరే స్ట్రిక్టు టీచరమ్మా" అన్నాడు. అన్నమాట ప్రకారం పుష్యమాసం చలిలో కూడా వణుక్కుంటూ పోసుకునేవాడు. పైనుంచి వాళ్ళావిడ "పిన్నీ, ఈయన ముట్టుకొని వచ్చీసారు, పసుపు ఇలగ ఇయ్యవా" అని కేకేసేది. నేను పసుపు డబ్బా తీసుకుని పరుగెత్తేదాన్ని.

ఆ అమ్మాయి నాకు ఏ వరసా కాదు. వచ్చిన రెండో రోజునే పిన్నీ అని పిలిచింది, అంతే. వంకాయలో వాము వేసి వండేది, ఆ వాసన వస్తే మావారు మెట్ల కేసి చూస్తూ కూచునేవారు. ఆమెకి ఆరో నెల వచ్చాక మెట్లు దిగడం తగ్గించమని నేనే తిట్టేదాన్ని.

అప్పుడు జరిగింది ఆ గొడవ. రైల్వే గేటు దగ్గర ఒక జీడిపప్పు వ్యాపారి తన వ్యాను అడ్డంగా పెట్టేశాడట, వెనక అంబులెన్సు మోగుతోంది. మా ఎస్సై దిగి తియ్యమన్నాడు, అతను నోరు చేసుకున్నాడు, ఇతను చెయ్యి చేసుకున్నాడు. కొట్టడం తప్పే, నేను కాదనను. గేటు అప్పుడే ఎత్తారు కాబట్టి ఊళ్ళో సగం మంది అక్కడే ఉన్నారు, తక్కిన సగం మంది సాయంత్రానికి ఫోన్లలో చూశారు. నాలుగు రోజులు తిరక్కుండా, ఓ బుధవారం పొద్దున్న ఆ వ్యాపారి కాలవ గట్టున చచ్చిపడి ఉన్నాడు. తల మీద దెబ్బ. హత్యేనన్నారు. మంగళవారం సాయంత్రం జరిగిందన్నారు. ఎవరు చేశారో మాత్రం పోలీసులు అనలేదు. వాళ్ళనేదేమిటి, మధ్యాహ్నం భోజనాల వేళకే ఊరు తేల్చేసింది.

ఆ మర్నాడు మేం నలుగురు ఆడవాళ్ళం ఆటో మాట్లాడుకుని శ్రీకూర్మం దర్శనానికి బయల్దేరాం. దారి పొడుగునా అదే మాట. పక్కింటావిడ "గేటుకాడ నీ సంగతి సూస్తానన్నాడంట, సూసీసినాడు" అంది. ఇంకొకావిడ "కిరాయి మనుషులు సేసుంటారమ్మా, పోలీసోళ్ళు సొయంగా సేస్తారేటి" అంది. నాకు లోపల ఒకటే గుల. అతనుండేది నా ఇంట్లో, మరి నా దగ్గరే వార్త లేకపోతే ఎలా? ఆఖరికి అనేశాను. "ఏమో బాబూ, మంగళవారం సాయంత్రం నేను కూరగాయలు తెచ్చేసరికి అతని యూనిఫాం మా తీగ మీద నీళ్ళోడుతూ ఉంది" అన్నాను. మూడు తలలూ గిరుక్కున నా వైపు తిరిగాయి. ఆటో అబ్బాయి అద్దం సర్దుకున్నాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఏ క్లాసూ నా మాట అంత నిశ్శబ్దంగా విన్లేదు. ఎందుకు తడిపాడో చెప్పలేదు నేను. మరిచిపోయానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. మరవలేదు. సైన్సు టీచరు పెట్టిన రూలని వాళ్ళ ముందు చెప్పుకోవడానికి సిగ్గేసింది, అదీ నిజం. స్వామివారి ముందు నిలబడి కూడా నాకు తప్పు తోచలేదు, శనగలు కొనుక్కుని తింటూ ఇంటికొచ్చాను.

శనివారం పాలమ్మాయి చెంబు కింద పెట్టకుండానే, "ఓలమ్మో టీచరమ్మా, నెత్తురు బట్టలు మీ పెరట్లోనే ఉతికీసినాడంట కదా! మూడు బక్కెట్లు ఎర్రగా వచ్చినాయంట!" అంది.

"ఎవరే చెప్పింది నీకు?" అన్నాను.

"ఎవరేటి, నువ్వే సెప్పినావంట కదా!"

సోమవారం నాటికి యూట్యూబు ఛానలతను ఒకడు వెనకింటి డాబా ఎక్కి మా పెరటి తీగని వీడియో తీశాడు. ఆ పూట దాని మీద ఆరుతున్నవి మావారి పంచె, నా రెండు జాకెట్లూను. "ఇదే ఆ తీగ" అని చెబుతూ దాన్నే పదిసార్లు చూపించారు. మంగళవారం అతన్ని సస్పెండ్ చేశారు, విచారణకి బయటి జిల్లా నుంచి డీఎస్పీని వేశారు. అతన్ని జిల్లా కేంద్రం వదిలి వెళ్ళొద్దన్నారు. అతను శ్రీకాకుళంలో ఎవరో స్నేహితుడి గదిలో ఉండిపోయాడు, మేడ మీద ఆ అమ్మాయి ఒక్కతీ మిగిలింది. ఇంటి ముందు ఏ బండి ఆగినా కిటికీ సందులోంచి చూసేదాన్ని. మా గేటు ముందు నడిచేవాళ్ళు నడక తగ్గించి తలెత్తి చూసేవారు. నేను ఇడ్లీ పైకి తీసుకెళితే పళ్ళెం అలాగే తిరిగొచ్చేది. కడుపుతో ఉన్న పిల్ల తిండి మానేస్తే ఏమౌతుందో నాకు తెలుసు, ఆ పాఠం కూడా నేను చెప్పినదే.

ఒక మధ్యాహ్నం తనే దిగొచ్చింది. మెట్టు మెట్టుకీ ఆగి, గోడ పట్టుకుని. కూచోమన్నా కూచోలేదు.

"పిన్నీ, నువ్వే సెప్పావంట. నిజమేనా?"

"తడి బట్టలు చూశానన్నానమ్మా. నెత్తురని నేననలేదు, దేవుడి తోడు."

"ఎందుకు తడిసాయో సెప్పావా?"

"లేదమ్మా."

"ఆ రోజు పిడుగు పడి పోయిన ముసలాయన్ని సూసొచ్చారు పిన్నీ. నువ్వు లేవు, పసుపు నానే ఇచ్చాను. నీ రూలే కదేటి అది? ఇప్పుడైనా ఎల్లి సెప్పు. నాను సెప్తే పెళ్ళాం గదా అంటారు" అంది. ఏడవలేదు. ఏడిస్తే కాస్త తేలికగా ఉండేది నాకు.

మర్నాడు మావారిని వెంటబెట్టుకుని డీఎస్పీ ఆఫీసుకి వెళ్ళాను. నలభై ఏళ్ళ కాపురంలో నన్ను దెప్పడానికి ఆయనకి దొరికిన పెద్ద అవకాశం, వాడుకోలేదు. నేను డీఎస్పీ గారికి మైల సంగతి, పసుపు సంగతి, కుళాయి సంగతి అంతా వివరంగా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "ఆ మంగళవారం సాయంత్రం మీరు ఎస్సైని చూశారా అమ్మా?" అని అడిగారు.

"యూనిఫాం చూశాను సార్."

"మనిషిని?"

చూశానని అనేద్దామా అని నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క అబద్ధంతో అంతా సర్దుకుంటుందేమో అనిపించింది. కానీ ఇదంతా నోరు జారడం వల్లే కదా వచ్చింది, మళ్ళీ జారడానికి భయమేసింది. "లేదు సార్" అన్నాను. ఆయన రెండు లైన్లు రాసుకుని సంతకం పెట్టించుకున్నారు. ఆటోలో చెప్పినప్పుడు ఊరంతా పాకిన మాట, ఆఫీసులో చెప్పేసరికి రెండు లైన్లయింది. తిరిగొచ్చి ఆ ముగ్గురి ఇళ్ళకీ వెళ్ళి సిగ్గు విడిచి చెప్పాను, అది నా రూలని. "అద్దెకున్నోళ్ళని కాసుకుంటన్నావులే" అని నవ్వారు. పిడుగు పడ్డ ముసలాయన సంగతి స్టేషను పుస్తకంలో రాసి ఉందిట అంటే, "ఆళ్ళ పుస్తకం ఆళ్ళే రాసుకుంటారు గదేటి" అన్నారు.

ఏడో నెలలో వాళ్ళమ్మ వచ్చి ఆ అమ్మాయిని బొబ్బిలి తీసుకుపోయింది. రైలెక్కించడానికి నేను వెళ్ళాను. జనం చూస్తున్నారని ఆ పిల్ల కొంగు తల మీదికి లాక్కుని కూచుంది. కేసు మొత్తం ఎనిమిది నెలలు నడిచింది. చివరికి దొరికింది ఎవరనుకున్నారు, ఆ వ్యాపారి సొంత బావమరిది. జీడితోట గట్టు తగాదాలో మాటా మాటా పెరిగి కొట్టాడట. "నానప్పుడే అన్నాను, పోలీసోళ్ళు సొయంగా సెయ్యరని" అంది ఆటోలో కిరాయి మనుషుల మాట ఎత్తినావిడ. తీగని వీడియో తీసినతను ఒక్క నిమిషంలో సంగతి ముగించేశాడు. మా ఎస్సైకి ఉద్యోగం తిరిగిచ్చి ఎక్కడో దూరం వేశారు. సామాను కోసం మనుషుల్ని పంపాడు, తను రాలేదు.

మొన్న విజయనగరంలో కళ్ళ డాక్టరు దగ్గర కూచుని ఉంటే "పిన్నీ" అని వినిపించింది. ఆమే. వాళ్ళమ్మని చూపించడానికి తీసుకొచ్చిందట. పక్కన రెండేళ్ళ ఆడపిల్ల, గుండ్రటి మొహం, అచ్చం వాళ్ళ నాన్నే. కళ్ళలో చుక్కలు వేయించుకుని ఉన్నాను కాబట్టి నీళ్ళు కారినా ఎవరూ అడగలేదు. చెయ్యి పట్టుకుని, తప్పు చేశానమ్మా అన్నాను. "పోనీలే పిన్నీ, అయిపోనాది కదా" అంది. ఆమెకి కోపం లేదు, నిజంగానే లేదు. తరవాత, మామూలు కబురు చెబుతున్నట్టే చెప్పింది.

"ఈ గుంట పుట్టినప్పుడు ఆయన రాలేదు పిన్నీ. ఊరు దాటాలంటే పర్మిషన్ అడగాలి. అడిగితే పారిపోతన్నాడని వీడియో ఏస్తారని అడగలేదు. ఫోన్లో సూపించీదాన్ని. ఐదో నెలలో వచ్చి ఎత్తుకుంటే, కొత్త మనిసని గుక్కపట్టి ఏడ్సింది."

నర్సు నా పేరు పిలిచింది. కేసు తేలిపోయింది, ఉద్యోగం తిరిగొచ్చింది, ఊరు ఎప్పుడో మరిచిపోయింది. ఆ తండ్రి చేతుల్లో గడవాల్సిన ఆ ఐదు నెలలు మాత్రం పోయాయి, నేనెన్నాళ్ళు బతికినా వాటిని తెచ్చి ఇవ్వలేను.