పన్నెండింటి అతిథి

బెంగాల్లో, సంత్రాగాఛిలో మేముండే అపార్ట్‌మెంటుకి కిందటి నెల కొత్త పద్ధతి పెట్టారు. ఎవరొచ్చినా గేటు దగ్గర కాపలా మనిషి తన ఫోనులో ఏదో నొక్కుతాడు. మా ఫోను మోగుతుంది. మేము సరేనని నొక్కితేనే వచ్చినవాళ్ళు లిఫ్టు ఎక్కాలి. ఇవాళ సరిగ్గా భోజనానికి కూర్చోబోతుంటే మోగింది. నేను కళ్ళజోడు వెతుక్కుని వచ్చేసరికి గడువు దాటిపోయి అదే ఊరుకుంది. బాల్కనీలోకి పరుగెత్తి చూస్తే గొడుగు వేసుకున్న మనిషెవరో గేటు నుంచి తిరిగి వెళ్ళిపోతున్నాడు. మూడో అంతస్తు నుంచి గొడుగే తప్ప ముఖం కనపడలేదు. "కొరియరు వాడై ఉంటాడు, పనుంటే వాడే మళ్ళీ వస్తాడు, నువ్వు కూర్చో" అన్నారు మా ఆయన పప్పు కలుపుకుంటూ. నేను కూర్చోలేదు. వంటింటికీ బాల్కనీకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాను. పన్నెండయ్యేసరికి నాకిలా అవుతుందని ఆయనకి పెళ్ళైన కొత్త నుంచీ తెలుసు. "మీ మామ్మ పూనింది" అని నవ్వేసి మజ్జిగ పోసుకున్నారు.

మామ్మ అంటే మా నాన్నని కన్నతల్లి. తాతయ్య పోయాక, శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి ఒక ట్రంకు పెట్టె, అందులో సగానికి పైగా దేవుళ్ళతో ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న లిలువా వచ్చేసింది. నాన్నది అక్కడ రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం. రెండు గదుల క్వార్టరులో ఒక గది గోడ నిండా దేవుళ్ళ పటాలే. మిగిలిన చోట మేం సర్దుకున్నాం. తెల్లారకుండా స్నానం, తులసికి నీళ్ళు, పదకొండు దాకా పూజ. అయితే దేవుడి దగ్గర ఎంత పట్టింపో, మనుషుల దగ్గర అంత వదులు. ఆవిడ చేతికి ఎముక లేదు. చలికాలంలో నా కొత్త శాలువా కనపడక ఇల్లంతా గాలిస్తే, అది కూరలమ్మే ఆవిడ భుజాల మీద వీధిలో పోతూ కనిపించింది. నేను ఏడిస్తే, "నీకు ఇల్లుందే గుంటా, దానికి చలుంది" అంది. అందులో తర్కం ఏమిటో ఇప్పటికీ నాకు పూర్తిగా అంతుపట్టలేదు.

ఆవిడకొక నియమం ఉండేది. మధ్యాహ్నం వంటయ్యాక గేటు దగ్గర నిలబడి వీధి వైపు చూసేది. ఆకలితో ఉన్న మనిషి ఎవరైనా దొరికి, ఆ మనిషి విస్తరి ముందు కూర్చుంటే తప్ప తను ముద్ద ముట్టేది కాదు. ఇరుగుపొరుగు లెక్కలోకి రారు, వాళ్ళు మనవాళ్ళేనట. మనం పిలుచుకొచ్చినవాళ్ళూ పనికిరారు, తమంతట తాము రావాలి. ఆదివారాలు నాన్న కూడా ఇంట్లోనే ఉండేవారు కాబట్టి కడుపు మాడ్చుకుని అందరం ఆ గేటు కేసే చూస్తూ కూర్చునేవాళ్ళం. ఒకసారి పోస్టుమాన్ని బతిమాలి లోపలికి పంపించాను. అతను పాపం అప్పుడే తినొచ్చాడు. మామ్మ అతని త్రేన్పు విని పట్టేసింది.

నేను పదో తరగతిలో ఉండగా ఆవిడకి చక్కెర జబ్బు బయటపడింది. మాత్ర వేసుకున్న అరగంటలో అన్నం తినకపోతే ప్రాణానికే ముప్పని డాక్టరు నాన్నకి గట్టిగా చెప్పాడు. అప్పుడు నాన్న ఒక ఉపాయం పన్నారు. ఆయన దగ్గరే పనిచేసి రిటైరైన బెంగాలీ ఫిట్టరు ఒకాయన రైలుగేటు అవతల ఒంటరిగా ఉండేవాడు. మేమందరం దాదా అనేవాళ్ళం. నాన్న మామ్మకి తెలియకుండా ఆయన్ని ఒప్పించారు. మర్నాటి నుంచి దాదా సరిగ్గా పన్నెండింటికి, ఏదో దారిన పోతున్నట్టు, మా గేటు ముందు ఆగి నుదురు తుడుచుకునేవాడు. "మాసీమా, దుటో భాత్ దేబే?" రెండు మెతుకులు పెడతావా అమ్మా అని. మామ్మ ముఖం వెలిగిపోయేది. "లొజ్జా పడకు దాదా, ఆరేక్టు ఖావ్" అంటూ, సిగ్గుపడకు, ఇంకాస్త తిను అని రెండు భాషలూ కలిపి వడ్డించేది. ఎండైనా వానైనా దాదా తప్పేవాడు కాదు. ఆ ధీమాతోనే మామ్మ పదకొండున్నరకే మాత్ర వేసేసుకునేది.

ఆ శ్రావణంలో మూడు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. క్వార్టర్ల మధ్య రోడ్డు మీద నడుముల్లోతు నీళ్ళు. అమ్మేమో పిన్ని పురిటికని ఊరెళ్ళింది, నాన్న వర్క్‌షాపులో చిక్కుకుపోయారు. తడిసిన బొగ్గులతో కుంపటి రాజుకోక, ముగ్గురికి సరిపడా అన్నం, కాస్త చారు మాత్రమే అయ్యాయి. మామ్మ అలవాటుగా మాత్ర వేసుకుని గేటు దగ్గర నిలబడింది. పన్నెండు దాటింది. పావు దాటింది. ఆవిడ చేతులు వణకడం, నుదుట చెమట పట్టడం చూశాను. లోపలికి తెచ్చి కూర్చోబెట్టి, కాస్త పంచదార నోట్లో వేసుకోమంటే పెదవులు బిగించేసింది. "దాదా వొస్తాడే. ఆకలిగున్నోడు తినకుండా నానెలాగ తింతాను?" మాట ముద్దగా వస్తోంది.

నాకు భయం, దాన్ని మించిన కోపం. ఆవిడ మీద, వాన మీద, ఆ దేవుళ్ళ మీద. పెరటి తలుపు తీసి నీళ్ళలోకి దిగి, ఇల్లు చుట్టి ముందు గేటు దగ్గరికొచ్చి, గొంతు బొంగురు చేసి అరిచాను. "మాసీమా, దుటో భాత్ దేబే?" చీర చెంగు పట్టుకుని, గోడ ఆనుకుని వచ్చింది మామ్మ. గౌను నుంచి నీళ్ళు కారుతూ నిలబడ్డ నన్ను చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను. "ఆకలేస్తందేటి?" అంది. నిజంగానే వేస్తోంది, తలూపాను. "అయితే రా. కాళ్ళు కడుక్కో" అని నన్ను అతిథి పీట మీద కూర్చోబెట్టి వడ్డించి, పక్కనే తనూ తింది. ఏడుస్తూ తిన్నాను. దాదా కోసమని ఉంచిన అన్నం కూడా మారు వడ్డించింది, వద్దంటే ఊరుకోలేదు. కాసేపటికి ఆవిడ చేతుల వణుకు తగ్గింది. చాప మీద పడుకుని నిద్రపోయింది.

రెండింటికి గేటు చప్పుడైంది. దాదా. చొక్కా, పంచె తడిసి ఒంటికంటుకుపోయి, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. రైలుగేటు నుంచి ఆ నీళ్ళలో నడిచి వచ్చాడు. లోపల గిన్నెలో మెతుకు లేదు. మామ్మ లేస్తే మళ్ళీ కుంపటి ముందు కూర్చుంటుందని భయం. ఆయన వాటా నేను తినేశానన్న సిగ్గు దాని కింద. పరుగున వెళ్ళి గేటు తీయకుండానే, "భోజనాలు అయిపోయాయి దాదా" అన్నాను. "మాసీమా తిన్నదా?" అనడిగాడు. తిందన్నాను. "భాలో, భాలో", మంచిది మంచిది అని తల నిమరబోయి, తన చెయ్యి తడిగా ఉందని ఆగిపోయాడు. వెనక్కి తిరిగి ఆ నీళ్ళలోకే దిగాడు.

సాయంత్రం మామ్మ లేచి మొట్టమొదట అడిగింది. "దాదా వొచ్చేడేటి?" రాలేదన్నాను. "అయ్యో, ఎవులు పెట్టేరో ఏటో మహానుబావుడికి" అని వీధి వైపు చూస్తూ కూర్చుంది. రాత్రి నాన్న వచ్చాక, మాటల్లో అన్నారు. మనింటికి రావడం మొదలుపెట్టాక దాదా మధ్యాహ్నం పొయ్యి వెలిగించడమే మానేశాడట. మర్నాడు పన్నెండింటికి దాదా ఎప్పటిలా వచ్చాడు, ఎప్పటిలా నుదురు తుడుచుకున్నాడు, నిన్నటి మాట ఎత్తలేదు. మామ్మ ఉన్నన్నాళ్ళూ ఎత్తలేదు. నేనూ చెప్పలేదు. చెప్పాలని ఎన్నిసార్లు ఆవిడ పక్కన చేరానో, చేరి ఎన్నిసార్లు ఊరికే లేచి వచ్చేశానో.

మా ఆయన భోంచేసి పడుకున్నారు. నేను కిందకి దిగి, మధ్యాహ్నం మా ఫ్లాటు నంబరడిగి ఎవరొచ్చినా, పొరపాటున వచ్చినా సరే, పంపేయొద్దని కాపలా మనిషికి చెప్పాను. రూలు ఒప్పుకోదని చెబుతూనే, నా ముఖం చూసి కాబోలు, సరేనన్నాడు. మామ్మ పోయింది, దాదా పోయాడు, లిలువా క్వార్టరు నాన్న రిటైరవగానే పోయింది. ఏళ్ళన్నీ ఎటు పోయాయో ఒక్కటీ వెనక్కి రాలేదు గానీ, పన్నెండు గంటలు మాత్రం రోజూ వస్తున్నాయి, వచ్చి నా గేటు దగ్గర నిలబడుతున్నాయి.